ఊపిరి మరకలు

లాండ్రీ నడిపే మనిషికి లోకంలో రెండే రకాల వస్తువులు కనిపిస్తాయి. మరక ఉన్నవి, మరక వదిలినవి. మూడో రకం కూడా ఉందని ఎవరైనా చెప్పినా ఈ కథలోని చెల్లెలు నమ్మేది కాదు. వీధిలో అందరూ ఆమెను మరకల డాక్టరంటారు. ఎదురుపడ్డ మనిషి కాలరు చూశాకే మొహం చూస్తుంది. సిరా గానీ, గ్రీజు గానీ, తుప్పు గానీ, దాని అంతు చూసేదాకా ఆమెకు ముద్ద మింగుడు పడదు. పట్టిందంటే ఉడుంపట్టే. ఆ పట్టుదలే ఆమెకు అన్నం పెట్టింది. ఒకసారి ఆ పట్టుదలే కొంప ముంచింది. ఆ సంగతే ఇది.

ఆమెకు ఒక్కతే అక్క. వీధి చివర బేకరీలో పిండి కలిపే పని చేస్తుంది. పిండి పిసుకుతూ పాడటం అక్కకు అలవాటు. పాడాలని కూర్చుని ఎప్పుడూ పాడలేదు. చేతులు కదిలితే గొంతు దానంతటదే కదిలేది. రొట్టె కొనడానికి వచ్చినవాళ్ళు చిల్లర తీసుకున్నాక కూడా కాసేపు నిలబడి, ఏదో మరిచిపోయినట్టు నటించి, విని వెళ్ళేవాళ్ళు.

ఆ గొంతులో కాయ లేచింది. మొదట జలుబన్నారు, తర్వాత ఎక్కువ మాట్లాడటం వల్లన్నారు. చివరికి గొంతు డాక్టరు లోపలికి గొట్టం పంపి చూసి, ఆపరేషన్ చెయ్యక తప్పదన్నాడు. "ప్రాణానికి ఏం భయం లేదు. మాట కూడా తిరిగొస్తుంది. పాటకు మాత్రం నేను మాటివ్వలేను" అన్నాడు. అక్క బుద్ధిగా తలూపింది. పక్కన కూర్చున్న చెల్లెలి గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే అక్క పాటల్లో ఒకటి అచ్చంగా చెల్లెలిది. వాళ్ళ అమ్మకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. చెల్లెలిని పడుకోబెట్టే పని అక్క నెత్తిన పడింది. అక్కకు మాత్రం అప్పుడు ఎంత వయసని? తెలిసిన పాటలన్నీ అయిపోయినా ఈ రాకాసి కన్ను మూయకపోతే, విసుగెత్తి సొంతంగా ఒకటి కట్టింది.

ఇటు తిరిగి పడుకోవే, ఇంకెంత సేపే
దీపం నన్నడిగింది, ఆరిపోనా అని
కిటికీ నన్నడిగింది, మూసుకోనా అని
నువ్వేమో కళ్ళతోనే కాదంటివే

చరణాలకు అంతూ పొంతూ లేదు. గదిలో ఉన్న ప్రతి వస్తువూ వరసగా వచ్చి అడిగి వెళ్ళేది. చరణం అయ్యాక అక్క ఆగి, "నిద్రపోయావా?" అనేది. "లేదు" అని చీకట్లోంచి జవాబు. అక్క నిండుగా ఊపిరి పీల్చుకుని, ఈసారి కుర్చీని పిలిచేది. అలా ఎన్నేళ్ళు గడిచాయో. ఇప్పుడు చెల్లెలికి జుట్టు నెరుస్తోంది గానీ, ఒంట్లో బాగోకపోతే ఈనాటికీ ఆ పాట వినాలనిపిస్తుంది.

"ఆపరేషన్ అయ్యేలోగా ఆ పాట రికార్డు చేస్తాను" అంది ఇంటికి రాగానే.

అక్క నవ్వింది. "నా పాటేంటి, రికార్డింగేంటే? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"పొద్దున్నే బేకరీలో నువ్వు పాడేది వీధంతా వింటోంది. ఎవడూ నవ్వి పోలేదుగా. అందరూ బతికే ఉన్నారు."

అక్క మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఇంట్లో ఆయన మాట ఎవరూ పట్టించుకోరు గనక, బస్సులో హారను గట్టిగా కొడతాడని వీధిలో చెప్పుకుంటారు. కుర్రతనంలో కాస్త గిటారు నేర్చుకున్నాడు. "నేను వాయిస్తా" అని ఆయన వెంటనే లేచాడు. అలా జట్టు కుదిరింది.

మొదట చెల్లెలు ఫోను పట్టుకుని బేకరీకే వెళ్ళి రికార్డు చేసుకొచ్చింది. ఇంటికొచ్చి వింటే పొయ్యి ఫ్యాను గోల, పళ్ళేల చప్పుడు, ఎవరో బన్ను కోసం బేరమాడటం అన్నీ శుభ్రంగా వినిపించాయి. అక్క మాత్రం ఎక్కడో బావిలో ఉన్నట్టుంది. లాభం లేదనుకుని, పాత మైకులు, స్పీకర్లు బాగుచేసి అమ్మే దుకాణానికి వెళ్ళింది. ఆ దుకాణదారును అందరూ మైకులాయన అనే అంటారు. అడిగింది ఇచ్చే ముందు అడగనిది నాలుగు చెప్పకపోతే ఆయనకు తోచదు.

"మంచి మైకు ఇమ్మంటావు, సరే. గదేది?" అన్నాడు.

"గదెందుకండీ?"

"మైకు గొంతొక్కటే వినదమ్మా, గదిని కూడా వింటుంది. ఉత్త గోడల మధ్య ఎంత మంచి మైకు పెట్టినా దండగే. దుప్పట్లు, పరుపులు, బట్టలు, మెత్తటివి ఎన్ని ఉంటే అంత మంచిది. ముఖ్యంగా పాడే మనిషి వీపు వెనకాల."

చెల్లెలి మొహం విచ్చుకుంది. లాండ్రీ వెనకగది నిండా వేలాడేవి బట్టలే. ఊళ్ళో వాళ్ళ కోట్లు, రగ్గులు, పరదాలు తనకోసమే తెచ్చి పడేసినట్టు అనిపించింది.

మైకులాయన ఆపలేదు. "నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం ఉంచు. మరీ ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిప్పు, గాలి దెబ్బ నేరుగా తగలదు. లెవెలు ఎర్రగీత దాకా పోనివ్వకు. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోయిన సౌండును మాత్రం ఎవడూ అతకలేడు. ఫ్యాను ఆపు, ఫ్రిజ్ ఆపు. ఫ్రిజ్ ఆపాక షాపు తాళాలు అందులోనే పెట్టు, మళ్ళీ ఆన్ చెయ్యడం మరిచిపోయి ఇంటికెళ్ళే ప్రమాదం ఉండదు. మిక్సింగు చేసేటప్పుడు సౌండు తగ్గించి విను. గట్టిగా పెడితే చెత్త కూడా బాగానే అనిపిస్తుంది. మధ్యమధ్యలో లేచి బయటికి పో, చెవులు కూడా కాళ్ళలాగే అలిసిపోతాయి. అయిందనుకున్నాక ఫోన్లో విను, బస్సులో విను, పక్కగదిలో నిలబడి విను. ఇక ఆఖరి మాట. తీసింది తీసినట్టు ఒక కాపీ పక్కన దాచు. దాని జోలికి పోకు."

చెల్లెలు అన్నిటికీ తలూపింది. ఆఖరి మాటకూ ఊపింది. కాకపోతే ఆ సమయానికి ఆమె చూపంతా ఆయన చొక్కా జేబు కింద ఉన్న టీ మరక మీద ఉంది.

సెలవురోజు మధ్యాహ్నం లాండ్రీ షట్టరు దించి పని మొదలుపెట్టారు. షాపు కంప్యూటరును వెనకగదిలోకి మార్చి, దాని గురగుర మైకుకు అందకుండా పెట్టెను మాత్రం గోడవార బట్టల గుట్ట వెనక దాచింది. ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి మేజోడు గుడ్డ బిగించి మైకు ముందు కట్టింది. ఫ్రిజ్ ఆపి తాళాలు అందులో పెట్టింది. అక్క వెనకాల అన్నిటికంటే బరువైన ఓవర్‌కోటు వేలాడదీసింది. అది టైర్ల దుకాణం ఆయనది. ఆయన మనిషే తలుపంత ఉంటాడు, ఆ కోటు చేతులు చాచి పెడితే గోడకు గోడే.

ముందు బావ గిటారు విడిగా రికార్డు చేశారు. తర్వాత అది అక్క చెవుల్లో మాత్రమే వినపడేలా హెడ్‌ఫోన్లు పెట్టారు. అలా చేస్తే గొంతు ఒక ట్రాకులో, గిటారు ఒక ట్రాకులో విడివిడిగా ఉంటాయి, ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి చెడదు. ఇదీ మైకులాయన చలవే.

అన్నీ సిద్ధమయ్యాయి, అక్క గొంతు తప్ప. మైకు ముందు నిలబడగానే బిగుసుకుపోయింది. బడిలో పద్యం అప్పజెబుతున్నట్టు పాడింది. మళ్ళీ పాడమంటే ఇంకా అధ్వాన్నం.

"చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదే" అంది దీనంగా.

చెల్లెలు ఒక్క క్షణం ఆలోచించి, బావ వైపు తిరిగింది. "బావా, మీరు బేకరీకెళ్ళి ఒక పిండిముద్ద పట్టుకురండి."

బావ పరుగున వెళ్ళి తెచ్చాడు. మైకు కింద చిన్న బల్ల వేసి, తడిగుడ్డ పరిచి, దాని మీద చెక్కపలకా, పిండిముద్దా పెట్టారు. అక్క చేతులు పిండిలో పడ్డాయో లేదో, గొంతు దారిలో పడింది. మెత్తటి పిండికి చప్పుడేం ఉంటుంది? దీపం అడిగింది, కిటికీ అడిగింది, గడియారం అడిగింది. హెడ్‌ఫోన్ల రెండో జత పెట్టుకుని వింటున్న చెల్లెలు, తెర మీద కదులుతున్న ఆకుపచ్చ గీతను చూస్తూ పెదవి కొరుక్కుని కూర్చుంది. ఏడిస్తే ముక్కు చప్పుడు రికార్డవుతుందని భయం.

సగంలో షట్టరు మీద దబదబ చప్పుడు. టైర్లాయన కోటు కోసం వచ్చాడు. ఏదో ప్రయాణముందట. బావ మంచితనం కొద్దీ తీసి ఇవ్వబోయాడు. కోటు పక్కకు జరగ్గానే అక్క గొంతు చుట్టూ డొల్లగా గది మోగింది. చెల్లెలు కాలు కాలిన పిల్లిలా బయటికి పరుగెత్తింది.

"మరక ఇంకా వదల్లేదండీ. మొండి మరక. రేపు రండి" అంది.

"ఏం మరక? ఇచ్చినప్పుడు దుమ్మే కదా?"

"దుమ్ము కింద ఇంకోటి బయటపడింది." మరకల డాక్టరు మాటకు తిరుగేముంది? ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రానికి పాట పూర్తయింది. అందులో ఒకసారి పాడింది మిగతావాటికంటే ఎంతో బాగా వచ్చింది. అక్క కూడా విని, "పర్లేదే, నేనే!" అంది సిగ్గుపడుతూ.

ఇక మిక్సింగు. ఇక్కడే మన డాక్టరుగారి బుద్ధి వంకర తిరిగింది. వారమంతా పని అయ్యాక కూర్చునేది. గొంతు కింద సన్నటి గుర్రుమనే శబ్దం ఉంటే తీసేసింది. మంచిదే. గిటారు మోత గొంతును కప్పేస్తుంటే దాని లావు తగ్గించింది. అదీ మంచిదే. అక్క గొంతు ఒకచోట వెనక్కీ ఒకచోట ముందుకీ పోతుంటే సమం చేసింది. ఆ సమం చెయ్యడంలో, అప్పటిదాకా అణిగి ఉన్న చిన్నచిన్న చప్పుళ్ళు పైకి తేలాయి. ప్రతి చరణానికీ ముందు, ప్రతి పాదానికీ మధ్య, అక్క ఊపిరి పీల్చుకోవడం. తెర మీద చూస్తే తెల్లటి చొక్కా మీద టీ చుక్కల్లా కనిపించాయి. చుక్క కనబడితే మరకల డాక్టరు ఊరుకుంటుందా? ఒక్కొక్కటే పట్టి, కత్తిరించి పారేసింది. ఒక్క ఊపిరి కూడా మిగల్చలేదు. పని పూర్తయ్యాక పాట ఇస్త్రీ మడతలా నిగనిగలాడింది.

షాపు కంప్యూటరు ముసలిది, చోటు చాల్లేదని గోల పెట్టింది. అక్క పాడిన అసలు రికార్డింగులతో సహా పాత ఫైళ్ళన్నీ చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా ఖాళీ చేసింది. తప్పంతా ఆమెదే, కాదనను. కానీ మరక తీసేవాళ్ళెవరైనా తీసిన మరకను దాచుకుంటారా? మైకులాయన ఆఖరి మాట ఆమెకు గుర్తొచ్చే అవకాశమే లేదు, విన్నప్పుడు కదా గుర్తుండటానికి.

డిపోలో ఖాళీ బస్సు ఎక్కి, డ్రైవరు సీటు దగ్గర స్పీకర్లో పెట్టి విన్నారు. ప్రతి మాటా స్పష్టంగా తెలిసింది.

"ఎలా ఉంది బావా?"

"బ్రహ్మాండం" అని, బావ ఛాతీ రుద్దుకున్నాడు. "ఎందుకోగానీ వింటుంటే ఆయాసంగా ఉంది."

"అక్క చేసే బన్నులు తగ్గించండి" అంది చెల్లెలు.

టైర్లాయన కోటు ఆయనకు చేరింది. అక్క ఆసుపత్రిలో చేరింది. ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. కొన్నాళ్ళు నోరు మెదపొద్దన్నారు. అక్క సైగలతో సంసారం నడిపింది. మొగుడి మాట వినకపోవడానికి సైగలు కూడా అక్కర్లేదు కనక ఇబ్బంది రాలేదు. గడువు తీరాక నోరు తెరిస్తే వచ్చిన గొంతు అక్కది కాదు. ఎండిన ఆకుల మీద నడిచినట్టు గరగరలాడింది. మాట వరకు పనికొస్తుంది. రాగం ఎత్తుకుంటే పైకి పోదు, మధ్యలో తెగిపోతుంది. డాక్టరు పరీక్ష చేసి, ఇంతకుమించి ఆశ పెట్టుకోవద్దన్నాడు. అక్క ఆ రోజు నుంచి అవసరమైనా మాట్లాడటం మానేసింది. పిండి మాత్రం పిసుకుతోంది, మూగగా.

అప్పుడు చెల్లెలు పాట తీసుకుని బేకరీకి వెళ్ళింది. ఇన్నాళ్ళూ దాచి ఉంచింది ఈ రోజు కోసమే. పిండిబల్ల మీద చిన్న స్పీకరు పెట్టి, "విను" అంది.

అక్క చేతులు పిండిలోనే ఉంచి వింది. మొదటి చరణానికి కళ్ళు మూసుకుంది. రెండో చరణానికి కనుబొమలు ముడిపడ్డాయి. మూడోదానికి చేతులు ఆగిపోయాయి. పాట అయ్యాక, బల్ల మీద చల్లిన పిండిలో వేలితో రాసింది.

ఊపిరేది?

చెల్లెలు వెర్రిమొహం వేసుకుని చూసింది. అక్క అది చెరిపి, ఇంకోటి రాసింది.

ఇది నేను కాదు.

మళ్ళీ పెట్టి వింటే అప్పుడు తెలిసింది చెల్లెలికి. చరణం అయిపోతోంది, వెంటనే ఇంకో చరణం వస్తోంది. మధ్యలో మనిషి లేదు. చిన్నప్పుడు చీకట్లో "లేదు" అన్నాక తను దేనికోసం చెవులు రిక్కించేదో గుర్తొచ్చింది. పాట కోసం కాదు. ఆ ఊపిరి కోసం. అది వినపడిందంటే అక్క విసుక్కుని లేచిపోలేదన్నమాట, ఇంకో చరణం ఉందన్నమాట. అదే ఏరి ఏరి పారేసింది తను. వీధిలోకి వచ్చి, నడిచే జనం చూస్తుండగానే బావురుమంది.

ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని నేరుగా మైకులాయన దగ్గరికి పోయింది. కంప్యూటరును చంకన పెట్టుకునే పోయింది. ఆయన తిట్టాల్సినవి తిట్టాడు. "ఊపిరి గట్టిగా వినబడితే కాస్త తగ్గించాలమ్మా, తీసెయ్యకూడదు. ఆయాసం రాదూ వినేవాడికి?" అన్నాడు. చెల్లెలికి బావ ఛాతీ రుద్దుకోవడం గుర్తొచ్చి తల దించుకుంది. పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేరేదో పెట్టి చూశాడు. దొరికినవి లాండ్రీ బిల్లులు. పాట చోటులో వేరేవి ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి.

"ఆశ వదులుకో. కాదూ కూడదంటే ఇంకెవరి ఊపిరైనా అతికించు" అన్నాడు.

ఆశ వదులుకోవడం ఆమెకు చేతకాని విద్య. తన ఊపిరే రికార్డు చేసి ఖాళీల్లో అతికించింది. ఒకే తల్లి బిడ్డలం కదా, సరిపోదా అనుకుంది. బావకు వినిపిస్తే ఆయన తల గోక్కుని, "పాట మధ్యలో నువ్వెందుకొచ్చావు మరదలా? మీ అక్క వెనకాల నక్కి నిలబడ్డట్టుంది" అన్నాడు. ఈసారి ఆమె బన్నుల మాట ఎత్తలేదు. అతికించినవన్నీ ఊడబెరికింది.

ఊడబెరుకుతూ ఉండగా ఆమె చెయ్యి టక్కున ఆగింది. అక్క ఇక పాడలేదు. నిజమే. మాట్లాడాలనుకోవడం లేదు. అదీ నిజమే. కానీ ఊపిరి పీలుస్తూనే ఉంది కదా!

అప్పటికప్పుడు బేకరీకి పరుగెత్తింది. సంగతి వినగానే అక్క అడ్డంగా తలూపింది. బల్ల మీద రాయబోయి, చెల్లెలు పిండి మీద చెయ్యి అడ్డం పెట్టేసరికి, నోరు తెరవక తప్పలేదు.

"ఈ గొంతుతో మైకు ముందుకు రాను" అంది గరగరగా.

"గొంతు నాకక్కర్లేదక్కా. అది నా దగ్గర భద్రంగా ఉంది. నేను పారేసింది నీ ఊపిరి. అదొక్కటే అడుగుతున్నా."

"పిచ్చిమొహమా, ఎవరైనా ఊపిరి రికార్డు చేస్తారే?"

"ఎవరైనా ఊపిరి కత్తిరిస్తారా? నేను చెయ్యలేదూ?"

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు, దవడ మాత్రం బిగించే ఉంది. నిద్రపోమంటే పోకుండా చీకట్లో మొండికేసిన పిల్ల ఇదే. "సెలవురోజు వస్తా" అంది.

గది మళ్ళీ అప్పటి గదిలా ఉండాలి. లేకపోతే ఊపిరి ఒకచోటా గొంతు ఒకచోటా ఉన్నట్టు తెలిసిపోతుంది. మైకు అదే, జానెడు దూరం అదే, మేజోడు గుడ్డ అదే. వెనకాల ఓవర్‌కోటు ఒక్కటే తక్కువ. చెల్లెలు టైర్ల దుకాణానికి వెళ్ళి నిలబడింది.

"మళ్ళీ మరకేమైనా గుర్తొచ్చిందా?" అన్నాడు టైర్లాయన.

"అప్పుడూ లేదండీ. అబద్ధం చెప్పాను" అని జరిగిందంతా చెప్పేసింది. ఆయన ఒక చేత్తో టైరు దొర్లిస్తూ విన్నాడు. అంతా విని, లోపలికెళ్ళి కోటు తెచ్చి ఆమె భుజాల మీద వేశాడు. అది నేల మీద ఈడ్చుకుపోయింది.

"మీ అక్క రొట్టెలు కొనేవాణ్ణి నేను. రొట్టె ఇంటి పక్కనే దొరుకుతుంది. పాట కోసం అంత దూరం వచ్చేవాణ్ణి" అన్నాడు.

సెలవురోజు మధ్యాహ్నం షట్టరు దించారు. ఫ్రిజ్ ఆపారు, తాళాలు అందులోకి వెళ్ళాయి. బావను గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, కదలొద్దన్నారు. అక్క కోటు ముందు నిలబడింది. బల్ల మీద పిండిముద్ద. చెవుల్లో హెడ్‌ఫోన్లు, వాటిలో తన పాత గొంతు. చెల్లెలు ఇప్పుడు ఏ ఫైలైనా మూడుచోట్ల దాచాకే ముట్టుకుంటోంది.

మొదటిసారి అక్క ఊపిరి ఆలస్యంగా పడింది. తన గొంతు తనే వింటూ, పీల్చడం మరిచిపోయింది. రెండోసారి తొందరపడి ముందే పీల్చేసింది. చెల్లెలు మళ్ళీ మొదటికి తిప్పింది. మళ్ళీ. మళ్ళీ. పిండి పిసికే చేతులు మెల్లగా లయ అందుకున్నాయి. దీపం అడగబోయే ముందు అక్క ఛాతీ నిండింది. కిటికీ అడగబోయే ముందు నిండింది. పెదవులు చప్పుడు లేకుండా ప్రతి మాటా పలుకుతున్నాయి. ఏ మాట ముందు ఎంత పీల్చాలో ఒంటికి గుర్తుంది. తెర మీద ఖాళీగా ఉన్న చోటల్లా చిన్న చిన్న చుక్కలు పడుతున్నాయి. మరకల డాక్టరు తన జీవితంలో మొదటిసారి మరకలు పడుతుంటే చూసి సంతోషించింది. స్టూలు మీద బావ కూడా అక్కతో పాటే పీలుస్తున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఆఖరి చరణం అయిపోయింది. గిటారు ఆగింది. రికార్డింగు ఆపడానికి చెల్లెలు చెయ్యి చాచింది. అక్క పిండి చేత్తోనే ఆ చేతిని పట్టుకుంది. మైకు వైపు ఇంకాస్త వంగి, ఎవరికీ వినిపించనని ఒట్టు పెట్టుకున్న ఆ గరగర గొంతుతోనే అడిగింది.

"నిద్రపోయావా?"

చెల్లెలి చెంపలు తడిసి, ముక్కు చప్పుడు చేసింది. అదీ రికార్డయింది.

"లేదు" అంది.

అక్క నిండుగా ఊపిరి పీల్చుకుంది. ఆకుపచ్చ గీత పైకి లేచి, దిగి, నిలబడిపోయింది. తర్వాత రావలసిన చరణం రాలేదు.

ఆ పాట ఇప్పుడు బేకరీలో వినిపిస్తుంది, బస్సులో వినిపిస్తుంది, టైర్ల దుకాణంలో అయితే చెప్పక్కర్లేదు. దాని చివర ఆ ప్రశ్న, ఆ ముక్కు చప్పుడు, ఆ జవాబు, ఆ ఊపిరి అన్నీ ఉన్నాయి. చెల్లెలు వాటిలో దేన్నీ ముట్టుకోలేదు.